ఆఖరి నిమిషపు గోలు

“షట్టరు సగమే దించన్నయ్యా. పట్టపగలు మొత్తం మూసేస్తే లేనిపోని అనుమానం,” అంది చెల్లెలు.

మెకానిక్ అలాగే చేశాడు. షెడ్డులో అంతకుముందే రిపేరుకిచ్చిన ఆమె కారు బానెట్ తెరిచి ఉంది. వెనక సామాన్ల గదిలో, ఏదో బస్సులోంచి పీకిన పాత సీటు మీద ఆమె భర్త తల పట్టుకుని కూర్చున్నాడు. ఊరి ఫుట్‌బాల్ జట్టుకి నిన్నటిదాకా అతడే కోచ్. తన జట్టు ఆడిన శనివారం ఆట మీద తానే పందెం కాశాడని పొద్దున టీవీలో చెప్పారు. క్లబ్బు అప్పటికప్పుడు తీసేసింది. వార్త ఇంకా పూర్తి కాకుండానే వాళ్ల కిటికీ అద్దం మీద రాయి పడింది. మొగుణ్ణి పెరటి గోడ దూకించి ఇక్కడికి లాక్కొచ్చింది. పుట్టింటి దిక్కంటే ఆమెకు ఈ అన్న ఒక్కడే.

“కారు కదిలితే చాలు. నా స్నేహితురాలి ఊరు వెళ్లిపోతాం. ఇంకా ఎంతసేపు?”

“చూస్తున్నా కదమ్మా.”

అతడు ఇంజను వైపే చూస్తున్నాడు గానీ చేతులు ఆడటం లేదు. చివరికి రెంచి పక్కన పెట్టి సామాన్ల గది గుమ్మంలో నిలబడ్డాడు.

“నాకొక్క మాట చెప్పాలనిపించలేదా బావా?”

“ఎలా చెప్పను బావా? కోచ్ కాయకూడదు. కాయడమే తప్పు, మళ్లీ అది ఇంకొకరి చెవిన కూడా వెయ్యనా?”

“నేను ఇంకొకణ్ణా?”

మెకానిక్ గుమ్మాన్ని అరచేత్తో చరిచాడు. అభిమానుల సంఘానికి అధ్యక్షుడు మరి. ఏడాదంతా జట్టు ఓడుతూనే వచ్చినా ఒక్క ఆట మానలేదు. వానలో తడిసి, గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి పెళ్లాంతో చీవాట్లు తిన్నాడు. శనివారం ఆట అయ్యాక మాత్రం ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. శవాన్ని సాగనంపి వస్తున్నట్టు తలలు వంచుకుని ఇళ్లకు పోయారు. ఆ రాత్రి వీధిలో ఒక్క హారను మోగలేదు.

బయట అడుగుల చప్పుడైంది. చెల్లెలు సామాన్ల గదిలోకి తప్పుకుని తలుపు దగ్గరగా వేసుకుంది.

షట్టరు కింద నుంచి వంగి ఇద్దరు లోపలికొచ్చారు. ముందు వచ్చింది బస్సు కండక్టరు. గొంతుని బట్టి అందరూ మైకు అంటారు. వెనక బేకరీ ఆయన. ఇద్దరి మెడల్లోనూ జట్టు కండువాలు. బయట ఇంకా చాలామంది నిలబడ్డట్టు నీడలు కనిపిస్తున్నాయి.

“ఏంటి మేస్త్రీ, షట్టరు సగంలో ఉంది?” అన్నాడు మైకు.

“ఎండ కొడుతోంది.”

బేకరీ ఆయన వంగి బయటికి చూశాడు. పొద్దుట్నుంచీ మబ్బు పట్టే ఉంది.

“మీ బావ ఎక్కడ?”

“నాకేం తెలుసు? ఇంట్లో చూడండి.”

“ఇంట్లో ఉంటే నీ గుమ్మం ఎందుకెక్కుతాం?” మైకు బల్ల మీది పెద్ద రెంచి తీసి బరువు చూసుకున్నాడు. మైకు ఇంత మెల్లగా మాట్లాడటం మెకానిక్ ఎప్పుడూ వినలేదు. అరిచినా బాగుండేది.

“అది అక్కడ పెట్టు. కూర్చుని మాట్లాడుకుందాం.”

“ఏముంది మాట్లాడ్డానికి? పందెం కాయడం తప్పని నేననను. ఈ వీధిలో కాయనివాడెవడు? సంఘం సొమ్ము కూడా ఊడ్చి నీ చేతే కాయించాం. కానీ అతను కోచ్. ఆడించేదీ తనే, కాసేదీ తనే అయితే మనమేమైపోవాలి?”

“ఆఖర్లో ఆ పొట్టివాణ్ణి దింపినప్పుడే నా గుండె గుభేలుమంది,” అన్నాడు బేకరీ ఆయన. “ఏడాదంతా బెంచీ మీద గోళ్లు గిల్లుకున్నవాణ్ణి అప్పుడే ఎందుకు దింపాలి? దింపకపోతే ఆ గోలు పడేదా? మా ఆవిడ గాజులు పోయాయి మేస్త్రీ. అడిగితే ఏం చెప్పను?”

“నీ షెడ్డు మాటేంటి?” అన్నాడు మైకు. “అదీ ఆ గోలుతోనే పోయిందిగా.”

ఆ సంగతి తలుపు వెనకున్న చెల్లెలికి తెలియదు.

మెకానిక్ గుడ్డపీలికతో చేతులు తుడుచుకున్నాడు. తండ్రి పోతూ పోతూ చెల్లెలి చేయి తన చేతిలో పెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఆ తండ్రి కట్టిన షెడ్డే ఇది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట బావ తన చెవిన వేసుంటే ఇది దక్కేది.

“చెప్పు అధ్యక్షా. మా వైపా, బావ వైపా?”

మెకానిక్ నడిచి వెళ్లి షట్టరు కిందిదాకా లాగేశాడు. షెడ్డు చీకటైపోయింది. లైటు వేసి, సామాన్ల గది వైపు గడ్డం ఎగరేశాడు.

ఇద్దరూ అటు కదలకముందే తలుపు తెరుచుకుంది. చెల్లెలు గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. ఆమె వెనక కోచ్ లేచి నిలుచున్నాడు.

“నువ్వేనా అన్నయ్యా? నువ్వే చూపించావా?”

“నన్నేం చెయ్యమంటావు?” అతడు ఆమె మొహం చూడలేకపోయాడు. “ప్రాణం పెట్టి నమ్ముకున్న జట్టు. దానికి ద్రోహం చేసినవాణ్ణి ఎలా దాచమంటావు?”

మైకు రెంచి భుజం దాకా ఎత్తాడు. ఆమె చేతులు దించలేదు. ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది.

“మన జట్టు గెలుస్తుందని కాసింది ఆయనొక్కడే కదన్నయ్యా.”