చెరగని ముగ్గు

సముద్రం ఒడ్డున ఒక ముసలి పీత రోజూ ఇసుక ఉండలు చేసి, తన బొరియ చుట్టూ వంక లేకుండా పేర్చేది. అల వచ్చి చెరిపేసేది. ఆ కోపంతో పీత ఏనాడూ అలతో మాట్లాడలేదు.

ఒకనాడు బొమ్మలు వేసే మనిషి ఒకడు ఆ ఉండలను కలుపుతూ ముగ్గు గీశాడు.

"పీతన్నా, మనమంతా ఒక తల్లి బిడ్డలం. మనిద్దరం కలిసి వేసిన ముగ్గు ఇది, చెరగనిస్తానా?" అని దానిమీద బంక పోసి గట్టిపరిచాడు.

"అన్నా అంటూనే నా బొరియ మూశావేంరా! లోపల మా ముసల్దుంది!" అని పీత గింజుకుంది.

"చూశారా, ఆడుతోంది!" అని అతను చుట్టూ చేరిన జనానికి చూపించాడు.

పొద్దువాలగానే అల వచ్చింది.

"అలమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను, చెరిపెయ్యవే!" అంది పీత.

అల పదేపదే పడింది. "నావల్ల కావట్లేదు తాతా" అంది.

కింద బొరియలోంచి గీకుతున్న చప్పుడు ఆగిపోయింది.