రంగప్పకు దారి

అచ్చెన్న తల పగిలింది. రెండు చేతులతో అదిమి పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఫ్యాక్టరీ వైద్యగదిలో బోర్లా పడ్డాడు. నర్సు పవిత్ర అతని కాళ్లు లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది.

మరుక్షణం ఇనుపరాడ్డు తలుపు మీద పడింది.

"సిస్టరమ్మా, వాణ్ణి బయటికి తోసెయ్! ఈ పొద్దు వాణ్ణి వదిలేది లేదు!"

ఆ గొంతు ఓబయ్యది. ఫర్నెస్ దగ్గర పనిచేసే రంగప్పకు బావమరిది.

మధ్యాహ్నం రంగప్ప ఛాతీలో మంట అన్నాడు. సూపర్‌వైజర్ అచ్చెన్న పంపలేదు. "ఈ లోడు అయినాక పో" అన్నాడు. ముప్పావుగంట తర్వాత రంగప్ప గోడ పట్టుకుని తనే నడిచొచ్చి ఈ గడప మీద కూలాడు. పవిత్ర అంబులెన్సుకు ఫోన్ చేసి, అతని ఛాతీ మీద చేతులు వేసి నొక్కింది. గుండెకు షాక్ ఇచ్చే మిషన్ పెట్టింది. అరగంట నొక్కింది. ఆఖరికి అతని చొక్కా బొత్తాలు పెట్టి ఫోన్ అందుకునేసరికి బయట కేకలు మొదలయ్యాయి.

మూడు నెలల కిందట కార్మికులందరికీ గుండె పరీక్షలు చేసింది ఆమే. రంగప్ప బీపీ నూట తొంభై. వేడి దగ్గర పెట్టొద్దు, బరువులు ఎత్తించొద్దు అని చీటీ రాసిచ్చింది. అచ్చెన్న దాన్ని ఆమె ఎదుటే చించాడు.

"అందరికీ ఇట్ల చీటీలు రాస్తే ఇనుము ఎవురు కొడతారమ్మా?"

ఇప్పుడు అదే అచ్చెన్న నేల మీద పడి ఆమె పాదం పట్టుకున్నాడు. చెవిలోంచి రక్తం కారుతోంది. మాట ముద్దగా వస్తోంది. పవిత్ర చెయ్యి గడియ దాకా వెళ్లింది. తీసేస్తే చాలు. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. మోకాళ్ల మీద కూర్చుని అతని తలకు కట్టు కట్టసాగింది.

కిటికీ అద్దం భళ్లుమంది. గాజుపెంకు ఆమె నుదుటిని కోసింది. బయట అరవై మంది ఉన్నారు. స్పానర్లు, రాడ్లు, చేతికి దొరికినవి. అడ్డుపడిన సెక్యూరిటీ మనిషిని కింద పడేసి కడుపులో తన్నుతున్నారు. అతను అరవడం మానేశాడు. అయినా తన్నుతూనే ఉన్నారు.

పవిత్ర అచ్చెన్నను పచ్చతెర వెనక్కి ఈడ్చేసరికి, పగిలిన కిటికీలోకి ఓబయ్య మొహం పెట్టాడు. "మా బావ ఎట్లుండాడు? అది చెప్పు ముందు!"

పవిత్ర కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకుంది.

"మనిషిని బతికించుకోవచ్చప్పా. అంబులెన్సు గురుబరపల్లి దాటింది. మీరు దారి ఇస్తేనే."

"మరి ఆ నాకొడుకు?"

"లోపల మిగిలేవాడు యాడికీ పోడు. స్ట్రెచర్ పోయినాక నువ్వే వచ్చి చూసుకో."

ఓబయ్య ఆమె మొహంలోకి చూశాడు. రాడ్డు దించాడు. "జరగండ్రా! బావకి దారి ఇడవండి!"

అంబులెన్సు వచ్చింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్‌తో లోపలికి వెళ్లారు. పవిత్ర గొంతు తగ్గించి వాళ్లతో నాలుగు మాటలు చెప్పింది.

స్ట్రెచర్ బయటికి వచ్చినప్పుడు మొహానికి ఆక్సిజన్ మాస్కు, నెత్తి మీదుగా చుట్టిన ఎర్ర దుప్పటి. ఇంతసేపూ తన్నినవాళ్లే ఇప్పుడు తలా ఒక పక్క పట్టారు. ఎవరో తువ్వాలుతో విసిరారు. ఓబయ్య ఏడుస్తూ పక్కన నడిచాడు, దుప్పటి మీదుగా కాళ్లు పట్టుకుని.

"భయపడొద్దు బావా. ఆ అచ్చెన్నగాణ్ణి నా చేతుల్తో చంపుతాను."

దుప్పటి కింద కాళ్లు వణికాయి.

"చూసినారా, తెలివి వచ్చిండాది!" అని ఎవరో అరిచారు. ఓబయ్య తనూ ఎక్కబోయాడు.

పవిత్ర అతని భుజం పట్టుకుంది. "నువ్వొద్దు ఓబయ్యన్నా. నీకు ఈడ పని ఉంది."

సైరన్ గేటు దాటింది. హైవే ఎక్కింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా పవిత్ర గుమ్మానికి అడ్డంగా నిలబడే ఉంది. తర్వాత పక్కకు జరిగింది.

"రా. నువ్వొక్కడివే."

ఓబయ్య రాడ్డు రెండు చేతులా బిగించి లోపలికి వచ్చాడు. గది మధ్యలో పచ్చతెర లాగి ఉంది. నేల మీద రక్తం ఆ తెర దగ్గర చారగా ఎండింది. అతను రాడ్డు కొసతో తెరను పక్కకు తోశాడు.

మంచం మీద ఉన్నది, గంట కిందటే ప్రాణం పోయిన అతని బావ.