పార్కు లోపలి హోటలు

"పార్కు లోపలి హోటల్లో దిగితే మాత్రం మళ్ళీ నా మొహం చూడక్కర్లేదు," అంది వెర్నా ఫోన్లో.

"అంత అదృష్టమా అత్తయ్యా! అయితే ఇప్పుడే బుక్ చేస్తా," అంది కోర్ట్నీ.

కోడలు ఒహాయోలో, అత్త ఓర్లాండోలో. మధ్యలో నోరు మెదపని కొడుకు డ్వేన్. ఆరేళ్ల కూతురు టెస్సాకి ఓర్లాండోలోని థీమ్ పార్కు చూపించడానికి నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకున్నారు. ఎక్కడ దిగాలన్న దగ్గర చెడింది.

వెర్నా తన వీధిలోనే ఈతకొలనున్న అద్దె ఇల్లు చూసిపెట్టింది. "పార్కుకి ఇరవై నిమిషాలు. సాయంత్రాలు పిల్ల నా దగ్గరుంటుంది. రెండేళ్లయింది దాన్ని చూసి."

"ఇరవై నిమిషాలు రోడ్డు మీద, ఇంకో అరగంట పార్కింగులో! లోపల దిగినవాళ్లని అందరికంటే ముందే గేటు దాటనిస్తారు, తెలుసా?"

"ఆ గదులు కంపు. దుప్పట్లు సరిగ్గా మార్చి చావరు. మంచాల కింద చూస్తే తిన్నది ఇమడదు."

"మీరు ఉద్యోగం చేసే లైబ్రరీ పుస్తకాల్లో రాశారా ఇదంతా?"

"ఊళ్లో ఉండేది నేనా, నువ్వా?"

ఇంతలో టెస్సా ఫోన్ లాక్కుంది. "నానమ్మా, నాకు ఏనుగు చేస్తావా?"

వెర్నా కిందటిసారి ఒహాయో వచ్చినప్పుడు స్నానాల తువ్వాళ్లు మడిచి పిల్లకి ఏనుగు చేసిపెట్టింది. దానికి ఒక చెవి నిలబెట్టి, ఒకటి మడిచింది. మీ అమ్మ తిట్లు వినలేక మూసుకుందని చెప్పింది. ఆనాటి నుంచీ కోర్ట్నీకి ఆ ఏనుగంటే ఒళ్లుమంట.

"మా వీధిలో దిగితే రోజుకొకటి చేస్తా బంగారం. అక్కడ దిగితే నేను రాను."

పసిదానితో బేరాలా! కోర్ట్నీ ఆ సాయంత్రమే లోపలి హోటలు ఖాయం చేసేసింది.

వెర్నా అన్నంత పనీ చేసింది. మూడు రోజులు గడిచినా మనిషి జాడ లేదు. టెస్సా మాత్రం నానమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంది.

"ఉన్న ఊళ్లోనే ఉండి ఇంత పంతమా? మీ అమ్మది గుండె కాదు, బండ," అంది కోర్ట్నీ. డ్వేన్ ఫ్రెంచ్ ఫ్రైస్ నములుతూ తల వంచుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున కోర్ట్నీకి అక్కసు ఆగలేదు. పార్కులో వరుసలో నిలబడి ఉండగానే అత్తకి ఫోన్ చేసింది.

"కంపన్నారే, గది అద్దంలా ఉంది! మంచం కింద వెతికినా దుమ్ము లేదు. ఇక్కడ గది సర్దే ఆవిడ దగ్గర నాలుగు రోజులు పని నేర్చుకోండి. మీ కొంప బాగుపడుతుంది."

"సరేలే," అంది వెర్నా.

అత్త ఎదురు మాట అనకపోవడం ఇదే మొదటిసారి. కోర్ట్నీ పొంగిపోయింది.

"పిల్ల ఏం చేస్తోంది?"

"రేపు వెళ్లిపోతున్నాం కదా, మీరు రాలేదని ఏడుస్తోంది. సంతోషమేనా?" అని పెట్టేసింది.

మధ్యాహ్నం ఎండకి తాళలేక ముగ్గురూ గదికి తిరిగొచ్చారు. అప్పటికే గది సర్దేసి ఉంది. ముందు పరిగెత్తిన టెస్సా లోపల్నుంచి కేక పెట్టింది.

మంచం మధ్యలో తువ్వాళ్ల ఏనుగొకటి కూర్చుని ఉంది, ఒక చెవి మడుచుకుని.