తొమ్మిదో పేజీ ఫొటో

మా కుటుంబ చరిత్రను పుస్తకంగా రాయడం మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్న సరుకు పదకొండు ఫొటోలు. పదింటికి చోటు చూపించడం సులువే అయింది.

పదకొండోది మా అబ్బాయిది. మా కొట్లో గుడ్డల తాన్ల మీద కూర్చుని నవ్వుతున్నాడు. మా అమ్మాయి కంప్యూటర్లో దాన్ని తొమ్మిదో పేజీలో పెట్టి, పక్కన తమ్ముడి జబ్బు గురించి, ఆసుపత్రిలో చివరి రోజు గురించి ఒక పేరా రాసింది.

"ఫొటో ఉంచు, ఆ పేరా కొట్టెయ్యమ్మా," అన్నాను. "నష్టాన్ని షోకేసులో పెట్టుకునే వ్యాపారి ఉంటాడా?"

పేరా చెరిపింది. ఫొటో కూడా మాయమైంది.

"వాడేడే?" వెనక నిలబడ్డ నా భార్య కేక పెట్టింది.

"ఉన్నాడమ్మా, కంగారుపడకు." ఒక్క మీట నొక్కగానే రెండూ తిరిగొచ్చాయి. "ఫొటోని ఆ పేరాకే కట్టాను నాన్నా. అది పోతే ఇదీ పోతుంది."

"అయితే మన కొట్టు గురించి రాసిన పేరాకి కట్టు."

"కట్టొచ్చు..."

"వద్దు," అంది నా భార్య. "ఇన్నేళ్ళూ వాడు పోయిన మాటెత్తితే చాలు, లేచి వెళ్ళిపోయారు. మీరు లేచినప్పుడల్లా వాడూ ఈ ఇంట్లోంచి వెళ్ళిపోయాడండీ."

అప్పటికే కుర్చీలోంచి సగం లేచిన నేను మళ్ళీ కూర్చున్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఆ పేరాను మొదటి నుంచీ పైకి చదివాను. చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోతే నా భార్య అందుకుని పూర్తి చేసింది.

వాడు తిరిగి రాడు. ఆ సాయంత్రం మాకు దక్కిందల్లా, వాడి కోసం ఇద్దరం ఒకేచోట ఏడవగలగడం.