మోగుతున్న లాకరు

"మీ లాకరులో ఫోను ఒకటే మోగుడు," అంది గార్డమ్మ, అద్దం తలుపు అవతల నిలబడి.

లోపల ఇంజినీరు కీబోర్డు మీంచి తలెత్తాడు. పొద్దున బయల్దేరుతుంటే నిండు నెలల భార్య నడుం మీద చెయ్యేసుకుని, "ఇంకా రెండు వారాలుంది, మీరు వెళ్ళండి. నాన్న ఉన్నాడుగా," అంది. వెర్రిబాగులవాడిలా నమ్మి వచ్చేశాడు.

"మేడమ్, కాస్త తీసి చూడండి. మా ఇంట్లో నొప్పులు మొదలయ్యుంటాయి."

"తాళం మీ జేబులో ఉంది. లోపలికొచ్చిన వస్తువు పని అయ్యేదాకా బయటికి రాకూడదు. మనిషైనా అంతే."

రూల్సు దగ్గర ఆవిడ కొరకరాని కొయ్య.

పని మధ్యలో వదలడానికీ లేదు. ఆ భవనంలోని పాత తలుపు తాళాలను కొత్త కంప్యూటరుకు కలుపుతున్నాడు. పాతది ఆపేశాడు. కొత్తది ఇంకా లేవలేదు. ఇప్పుడు వెళ్ళిపోతే లోపలి గదులన్నీ బార్లా తెరిచి వదిలినట్టే. అందుకే అది ముగిసేదాకా ఇంజినీరు కుర్చీ వదలకూడదు, గార్డమ్మ గేటు వదలకూడదు.

"పోనీ, మీ ఫోనులోంచి ఒక్కసారి..."

"నాదీ పక్క లాకరులోనే మోగుతోంది. నేను తీశానా?"

మనిషా, బండరాయా? పళ్ళు కొరుక్కుంటూ స్క్రీను వైపు తిరిగాడు. ఒక తలుపు దారికొస్తే ఇంకోటి మొరాయిస్తోంది. తొందరలో పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారీ తప్పితే సిస్టమ్ రేపటిదాకా మూసుకుపోతుంది. అప్పుడిక ఇల్లూ లేదు, ఆస్పత్రీ లేదు.

అద్దం అవతల గార్డమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"ఇంకా ఎంతసేపు?"

"మీరలా తిరుగుతుంటే నాకు చేతులాడట్లేదు!" అని కసిరాడు.

ఆవిడ నొచ్చుకోలేదు. టక్కున ఆగిపోయింది.

"సరే, తిరగను. నిదానంగా కొట్టండి," అంది. లాకర్ల వైపు ఓసారి చూసింది.

ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరమే కొట్టాడు. పట్టింది. నడవా పొడుగునా తాళాలు ఒకదాని వెనుక ఒకటి టక్ టక్‌మని పడ్డాయి.

అంత హడావుడిలోనూ గార్డమ్మ అతని సంచి మొత్తం గాలించి, సంతకం పెట్టించుకుని గానీ వదల్లేదు. మనసులోనే నాలుగు తిట్టుకుని లాకరు తెరిచాడు. ఫోను మళ్ళీ మోగింది.

భార్య గొంతు, నీరసంగా. ఆ వెనక కెవ్వుమని పసిగొంతు. గోడకానుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇక డ్యూటీ పక్కనబెట్టి తీసుకోండి అత్తయ్యా, మీ అమ్మాయి ముందు మీతోనే మాట్లాడతానంటోంది," అంటూ ఫోను గార్డమ్మ చేతిలో పెట్టాడు.