అడగని వెర్షన్

జనగామ బజారులో మరగుండెలు సరిచేసే దుకాణం స్వరూపది. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. వాటిని చేసే కంపెనీ ఎప్పుడో ఆపేసిన మూడో వెర్షన్ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పన్నెండో వెర్షన్ దాకా అన్నీ అందులోనే ఉంటాయి. వచ్చిన మనిషి గుండెను బట్టి వెర్షన్ మార్చుకున్నాకే పని మొదలుపెట్టాలి. తప్పు వెర్షన్ తగిలిన గుండె కొన్ని గంటలు బాగానే కొట్టుకుని, ఉన్నట్టుండి ఆగిపోతుంది.

"జల్ది కానియ్యి బిడ్డా, బస్సు పోతది," అన్నాడు బల్ల మీద పడుకున్న ఎల్లయ్య తాత. ఆయన గుండె మూడో వెర్షన్‌ది.

వెనక వంటింట్లో స్వరూప తల్లి రోట్లో తొక్కు దంచుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

స్వరూప కంప్యూటర్‌ను మూడుకు మార్చింది. మీట నొక్కేముందు ఎప్పటిలాగే దాన్నే అడిగింది. ఈ చాదస్తానికి బజారంతా ఆమెను చూసి నవ్వుతుంది.

"ఇప్పుడు ఏ వెర్షన్ల ఉన్నవ్?"

"పన్నెండు," అంది కంప్యూటర్.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. తెర మీద రెండు విండోలు తెరిచి ఉన్నాయి. తను మార్చింది ఒకదాంట్లో, పని చేయబోతున్నది రెండోదాంట్లో. ఇక్కడ చేసిన మార్పు అక్కడికి పోదు.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు తాతా. అడిగిన కాబట్టి సరిపోయింది."

నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. పొద్దున దుకాణం తెరవకముందు, ఇవే రెండు విండోల మధ్య, ఇలాంటి మూడో వెర్షన్ గుండెనే ఒకటి సరిచేసింది. సొంత తల్లే కదా అని, అప్పుడు మాత్రం అడగలేదు.

వంటింట్లో రోకలి చప్పుడు ఆగిపోయింది.