మనకి కాగితాలెందుకు

"ఇల్లు ఎవరి పేరు మీద ఉందే?" అని అడిగింది గుడ్రున్.

ఇంగెలా కాఫీ కప్పు కింద పెట్టింది. "స్టూరే పేరు మీదే. నేను రాకముందే కొన్నాడుగా."

"మరి బ్యాంకు వాయిదాలో సగం నువ్వేగా కడుతున్నావు?"

"నా సగం తన ఖాతాలో వేస్తాను. తను కడతాడు. ఆ వ్యవహారాలన్నీ ఎప్పుడూ తనే చూసుకుంటాడు."

"పైకప్పు మార్పించినప్పుడు?"

"అమ్మ పోయాక నా వాటాకి వచ్చిన డబ్బంతా దానికే పెట్టాను. ఏమిటే ఈ ఆరాలు, పోలీసులాగా?"

గుడ్రున్ నవ్వలేదు. ఆమె పక్కింట్లో ఉంటుంది. ఆమె చెల్లెలు పద్నాలుగేళ్లు ఒకతనితో పెళ్లి లేకుండానే కాపురం చేసింది. అతను గుండె ఆగి పోయిన నెలకే అతని అన్నకొడుకు వచ్చి ఇంటి తాళాలు అడిగాడు. ఇప్పుడా చెల్లెలు యెవ్లె పట్నంలో ఒంటిగదిలో అద్దెకుంటోంది.

"కలిసి ఉండటం మనిషి ఉన్నంతకాలమే. ఆ తర్వాత నువ్వెవరో చట్టానికి తెలీదు" అంది గుడ్రున్. "వీలునామా రాయించు. లేదా పెళ్లి చేసుకో. రెండూ లేకుండా మాత్రం కూర్చోకే పిచ్చిదానా!"

స్టూరేతో ఇన్నేళ్లుగా అలాగే కలిసి ఉంటున్న ఇంగెలా పెళ్లి మాట ఎత్తకపోలేదు. ఎత్తినప్పుడల్లా స్టూరే నవ్వేవాడు. "మనకి కాగితాలెందుకే? కాగితాలున్నవాళ్లు మనకన్నా సుఖంగా ఉన్నారా?" అనేవాడు. ఆ మాట ఆమెకి నచ్చేది. తను పనిచేసే వృద్ధాశ్రమం వంటగదిలో తోటివాళ్లకి గొప్పగా చెప్పుకునేది కూడా. ఒకసారి మాత్రం, నడివేసవిలో వచ్చే మిడ్‌సమ్మర్ పండక్కి పెళ్లి పెట్టుకుందామని ఆమె పట్టుబడితే, స్టూరే మాట్లాడకుండా లేచి వెళ్లి పొద్దుగూకేదాకా కట్టెలు కొట్టాడు. సిగ్గరి మనిషి అనుకుని ఆమె ఊరుకుంది.

ఆ శరత్కాలంలో స్టూరే కళ్లు పచ్చబడ్డాయి. రోజూ నడిపే లారీ ఎక్కలేకపోయాడు. సోడర్‌హామ్ ఆస్పత్రిలో చేర్చాక డాక్టరు ఇంగెలాని వరండాలోకి పిలిచి, క్లోమంలో కేన్సరనీ, చెయ్యగలిగిందేమీ లేదనీ చెప్పింది.

"వీలునామా సంగతి అడుగు, ఇవాళే" అంది గుడ్రున్ ఫోన్లో.

ఇంగెలాకి నోరు రాలేదు. వీలునామా అంటే నువ్వు చచ్చిపోతున్నావని మొహం మీద చెప్పినట్టుంటుంది. పెళ్లి అంటే ఇంకా బతకమని అడిగినట్టుంటుంది.

"స్టూరే, పెళ్లి చేసుకుందామా?"

స్టూరే కిటికీలోంచి వాన కేసి చూస్తూ ఉండిపోయాడు. "ఈ ఆస్పత్రి గౌనులోనా?" అన్నాడు చివరికి.

"నీకు బాగానే ఉందిలే. నేనే ఏం వేసుకోవాలో చూసుకోవాలి."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక, "ఇంటి గురించేనా?" అని అడిగాడు.

అబద్ధం చెబుదామనుకుంది కానీ చెప్పలేకపోయింది. "ఇంటి గురించి కూడా. నువ్వు లేకపోతే నేనెక్కడికి పోతాను?"

అతని కళ్లు నిండాయి. ఇరవై ఏడేళ్లలో అతను ఏడవడం ఆమె చూడలేదు.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ముందు ఇద్దరం పన్నుల ఆఫీసుకి దరఖాస్తు పెట్టాలిట. జనం లెక్కలూ పెళ్లిళ్ల లెక్కలూ వాళ్ల దగ్గరేగా. పెళ్లికి అడ్డేమీ లేదని వాళ్లు చూసి చెబితే, ఆస్పత్రి పాస్టరుగారే వచ్చి చేసేస్తారు. రెండు మూడు వారాలు."

"రెండు మూడు వారాలు" అని తనలో తను అనుకున్నాడు. చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత దరఖాస్తు కోసం చెయ్యి చాపాడు. "ఇటివ్వు."

సంతకం పెట్టాడు. కలం పట్టుకునే, "ఇంగెలా, నేను నీకు..." అని మొదలుపెట్టాడు.

"మాట్లాడకు, అలిసిపోతావు" అని ఆమె అతని నుదురు నిమిరింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఎందుకైనా మంచిది, వీలునామా కూడా రాయించవే" అంది గుడ్రున్ మళ్లీ.

"ఇంకెందుకే? పెళ్లే అయిపోతుంటే!"

ఇంగెలా తన నీలం గౌనుకి నడుము దగ్గర కుట్లు విప్పించుకుంది. గుడ్రున్ కేకు చెప్పింది. పాస్టరుగారు శనివారం ఖాళీగా ఉంచుకుంటానన్నారు. గురువారం ఉదయం, నర్సు దిండు సర్దుతుండగా స్టూరే పోయాడు.

ఆ సాయంత్రం ఇద్దరాడవాళ్లూ వంటింట్లో కూర్చున్నారు. గుడ్రున్ ఒక్కసారి కూడా 'నేను చెప్పానా' అనలేదు.

"ఇల్లు పోతుంది కదూ?" అంది ఇంగెలా.

"రేపు లాయరుని అడుగుదాం. పైకప్పు రసీదులున్నాయా?"

"అన్నీ తన పేరు మీదే." ఇంగెలా కళ్లు తుడుచుకుంది. "పోతే పోనీ గుడ్రున్. సంతకం అయితే పెట్టాడు. జన్మంతా వద్దన్నవాడు చివరికి నాకోసం పెట్టాడు. రెండు రోజులు ఆలస్యమైంది, అంతే. నేను అతని పెళ్లాన్నే అనుకుంటాను. నాకది చాలు."

మర్నాడు పన్నుల ఆఫీసుకి ఫోన్ చేసింది. "పెళ్లి దరఖాస్తు ఒకటి వెనక్కి తీసుకోవాలండీ. పెళ్లికొడుకు నిన్న పోయాడు."

"అయ్యో, క్షమించండి" అంది అవతలి అమ్మాయి. పేర్లడిగి, వెతికి, తటపటాయించింది. "అయితే మా జవాబు మీకింకా అందలేదాండీ? మీ పెళ్లికి అనుమతి కుదరదని మొన్ననే పంపాం."

"కుదరదా? ఎందుకని? ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. మా పెళ్లికి అడ్డేముంటుంది?"

అవతలి అమ్మాయి గొంతు తగ్గించింది.

"ఆయన భార్య బతికే ఉన్నారమ్మా."